కాలిపర్లకి కొత్త కిట్లు వేశాక బ్రేక్ పెడల్ మెత్తగా దిగిపోతోందా? ఇలా సరిచేసుకోండి

ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కే లేదు, కారు పేరు మారుతుంది గానీ కథ అదే. కాలిపర్ (చక్రం దగ్గర ప్యాడ్లతో డిస్కుని నొక్కిపట్టే భాగం) పిస్టన్ జామ్ అయిందని విప్పారు, కొత్త రబ్బర్ల కిట్టు వేశారు, అన్నీ బిగించారు, ఎయిర్ కూడా తీశారు, తీరా పెడల్ తొక్కితే దూదిలో కాలు పెట్టినట్టు కిందకి పోతోంది. నాలుగు సార్లు పంపు కొడితే పైకి వస్తుంది, రెండు నిమిషాలు ఆగి తొక్కితే మళ్ళీ మొదటికే. ఇంకో బాటిల్ కొని ఇంకోసారి ఎయిర్ తీస్తారు, మళ్ళీ అంతే.

రెండో బాటిల్ కొనేముందు ఒక్క అరగంట ఇది చదివి, మెత్తదనం ఎక్కడ ఉందో పట్టుకోండి. గాలి నలుగుతుంది, బ్రేక్ ఆయిల్ నలగదు, ఇంతకుమించి థియరీ అక్కర్లేదు. మీరు తొక్కిన తొక్కుడు ఎక్కడో ఒకచోట గాలిని నలపడానికో, వదులుగా ఉన్నదాన్ని దగ్గరకి తేవడానికో, వంగినదాన్ని వంచడానికో ఖర్చయిపోతోంది. అది ఎక్కడో కనిపెట్టడమే పనంతా.

నేను రాసేది ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉన్న ఆల్టో, స్విఫ్ట్, శాంట్రో లాంటి కార్లని మనసులో పెట్టుకుని. వెనక కూడా డిస్కులే ఉన్నా చాలావరకు ఇదే పద్ధతి.

ముందు ఒక హెచ్చరిక

పెడల్ మెత్తగా ఉన్న కారుని "పక్క వీధిలో మెకానిక్ దాకానే కదా" అని రోడ్డెక్కించకండి. మీ దగ్గర కుదరకపోతే మెకానిక్‌నే ఇంటికి పిలవండి, లేకపోతే టో వ్యాన్‌లో ఎక్కించండి. అలాగే జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద చేతులు పెట్టొద్దు, స్టాండ్లు పెట్టండి. ఇటుకలు పేర్చి వాటిమీద కారు దింపేవాళ్ళని చూశాను, ఇటుక బరువుకి చెప్పకుండా పగిలిపోతుంది.

కావాల్సినవి

- సీలు తీయని బ్రేక్ ఆయిల్, కారులో బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీద ఏ గ్రేడ్ రాసుందో అదే (డాట్ 3 లేదా డాట్ 4). అర లీటరు బాటిళ్ళు రెండు ఉంటే నాలుగు చక్రాలకీ సరిపోతుంది
- నిప్పుల్‌కి (కాలిపర్ మీద గాలి వదిలే చిన్న స్క్రూ) సరిపోయే రింగ్ స్పానర్, ఎక్కువగా 8 లేదా 10 వస్తుంది
- పారదర్శకంగా ఉండే పైపు ఒక మీటరు. చేపల తొట్టికి గాలి పెట్టే పైపు బాగా పనికొస్తుంది, బిగుతుగా ఉంటే కొనని వేడినీళ్ళలో ముంచితే ఎక్కుతుంది. సెలైన్ పైపు మాత్రం మరీ సన్నం
- ఒక ఖాళీ నీళ్ళ సీసా, మూతకి బెజ్జం పెట్టింది
- బాంజో బోల్టుకి (హోస్ పైపుని కాలిపర్‌కి బిగించేది) కొత్త రాగి వాషర్లు, ఒక్కో కాలిపర్‌కి రెండు
- రబ్బరు సుత్తి, ఒక చెక్క ముక్క, సి-క్లాంపు
- పెడల్ తొక్కడానికి ఓపికున్న మనిషి ఒకరు
- పక్కన బకెట్ నీళ్ళు, పాత గుడ్డలు. బ్రేక్ ఆయిల్ పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది, పడిన వెంటనే నీళ్ళతో కడిగేయండి

దీన్ని అందరం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె జాతి కాదు. ఇంజిన్ ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ ఒక్క చుక్క పడినా లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి, అప్పుడు మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి నెట్టేది) దగ్గర్నుంచి హోస్ పైపుల దాకా మార్చాల్సిందే. పెట్రోల్, డీజిల్, కిరోసిన్‌తో కాలిపర్ లోపల కడగడం కూడా ఇదే తప్పు. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనో బ్రేక్ క్లీనర్‌తోనో కడగాలి.

1. పెడల్ ఏం చెబుతోందో వినండి

ఇంజిన్ ఆపి, ఐదారు సార్లు తొక్కి బూస్టర్‌లో (మీ తొక్కుడుకి బలం కలిపే భాగం) ఉన్న వాక్యూమ్ పోగొట్టండి. పెడల్ గట్టిపడుతుంది. ఇప్పుడు కాలు కింద ఎలా ఉందో గమనించండి.

స్ప్రింగులా, ఎంత నొక్కితే అంత దిగుతూ వదిలితే తంతూ ఉంటే గాలి ఉంది. మొదటి తొక్కుకి కిందదాకా పోయి, వెంటనే రెండో మూడో తొక్కుకి గట్టిగా పైనే ఆగితే గాలి అయినా కావచ్చు, వెనక షూలు (డ్రమ్ము లోపల రాసుకుని బ్రేకు వేసేవి) డ్రమ్ముకి దూరంగా అయినా ఉండొచ్చు. ఒక్కసారి గట్టిగా తొక్కి అలాగే పట్టుకుంటే మెల్లగా, మీ ప్రమేయం లేకుండా కిందకి జారిపోతుంటే ఎక్కడో కారుతోంది, లేదంటే మాస్టర్ సిలిండర్ లోపల రబ్బరు పోయింది. ఈ మూడోదానికి ఎన్ని బాటిళ్ళు పోసి ఎయిర్ తీసినా ఉపయోగం లేదు.

ఇంకో మాట. ఇంజిన్ ఆపి ఉంటే గట్టిగా ఉండి, స్టార్ట్ చేయగానే పెడల్ కొంచెం దిగితే కంగారు పడకండి, బూస్టర్ పని చేస్తోందని అర్థం. దాన్నే మెత్తదనం అనుకుని బాగున్న బ్రేకుల్ని మళ్ళీ మళ్ళీ విప్పేవాళ్ళున్నారు.

2. నిప్పుల్ పైకి ఉందా చూడండి

మిగతాదంతా వదిలేసినా ఇది వదలొద్దు. కాలిపర్ మీద గాలి వదిలే నిప్పుల్ ఎప్పుడూ పైభాగంలో ఉండాలి, గాలి పైకే చేరుతుంది కాబట్టి. చాలా కార్లలో ఎడమ కాలిపర్, కుడి కాలిపర్ అచ్చం ఒకేలా ఉంటాయి, అటుది ఇటు పెట్టినా బోల్టులు చక్కగా పట్టేస్తాయి. అప్పుడు నిప్పుల్ కిందకి వస్తుంది, గాలి పైన మూలలో కూర్చుంటుంది, మీరు కింద నుంచి ఎంత ఆయిల్ వదిలినా ఆ గాలి కదలదు.

నాకు ఇది సొంత అనుభవమే. రెండు కాలిపర్లూ ఒకేసారి విప్పి, కడిగి, ఒకే పేపరు మీద ఆరబెట్టి, ఏది ఎటుదో గుర్తు పెట్టుకోలేదు. రెండు ఆదివారాలు, మూడు బాటిళ్ళు అయిపోయాయి, పెడల్ మాత్రం అంగుళం కూడా పైకి రాలేదు. మాస్టర్ సిలిండర్ పోయిందని ఖాయం చేసుకుని కొత్తది కొనడానికి డబ్బులు కూడా తీసి పెట్టాను. ఆ రోజు మా బావమరిది పెడల్ తొక్కీ తొక్కీ విసుగొచ్చి దిగి, టార్చి వేసి చక్రం వెనక చూసి "అదేంటి బావా, నిప్పుల్ కిందకుంది, మా బండికి పైకుంటుందే" అన్నాడు. అటూ ఇటూ మార్చి బిగించి, ఒక్కోదానికి ఐదారు తొక్కులు తొక్కేసరికి పెడల్ రాయిలా నిలబడింది. ఆ రోజు నుంచి విప్పగానే కాలిపర్ మీద స్కెచ్ పెన్నుతో 'ఎ' అనో 'కు' అనో రాస్తున్నాను, మీరూ రాసుకోండి.

కొన్ని కాలిపర్లకి నిప్పుల్ పైనే ఉన్నా దానికంటే ఎత్తులో లోపల చిన్న ఖాళీ మిగులుతుంది. అనుమానం ఉంటే కాలిపర్‌ని బ్రాకెట్ నుంచి విప్పి, పిస్టన్ బయటకి దూకకుండా డిస్కు మందమున్న చెక్క ముక్కని ప్యాడ్ల మధ్య పెట్టి, నిప్పుల్ అన్నిటికంటే పైకి వచ్చేలా వంచి పట్టుకుని ఎయిర్ తీయండి. హోస్ పైపు మీద కాలిపర్‌ని వేలాడదీయొద్దు.

3. బిగించినవి ఒకసారి తడిమి చూడండి

బాంజో బోల్టు దగ్గర పాత రాగి వాషర్లు వేశారా? పాతవి ఒకసారి నలిగి గట్టిపడిపోయి ఉంటాయి, సరిగ్గా కూర్చోవు, అక్కడ సన్నగా కారుతుంది. కొత్తవి బోల్టు తల కింద ఒకటి, పైపు కింద ఒకటి.

స్లైడ్ పిన్నులు, అంటే కాలిపర్ వేటిమీద జరుగుతుందో అవి, చేత్తో అటూ ఇటూ హాయిగా జరగాలి. బిగుసుకుపోతే కాలిపర్ వంకరగా నొక్కుకుని వంగుతుంది, ఆ వంగుడంతా మీ కాలికి మెత్తదనంలా తెలుస్తుంది, గాలి చుక్క లేకపోయినా సరే. పిన్నులకి సిలికాన్ గ్రీజు వేయండి, చక్రాల బేరింగులకి వాడే మామూలు గ్రీజు వేస్తే పిన్ను రబ్బర్లు ఉబ్బి నెలలోనే జామ్ అవుతాయి.

ప్యాడ్లు గూట్లో సమంగా కూర్చున్నాయా, క్లిప్పులు వంగి ప్యాడ్‌కీ కాలిపర్‌కీ మధ్య ఇరుక్కున్నాయా చూడండి. ప్యాడ్ తిరగేసి, ఇనుము వైపు డిస్కుకి పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి అదీ చూడండి. ఒకవైపు బాగా అరిగి ఏటవాలుగా అయిన పాత ప్యాడ్లని కొత్త కిట్టుతో మళ్ళీ వేస్తే కూడా పెడల్ మెత్తగానే ఉంటుంది.

ఇంకా, పిస్టన్ చుట్టూ ఉండే చదరపు రబ్బరు గాడిలో మెలితిరిగి కూర్చుంటే పిస్టన్ ప్రతిసారీ ఎక్కువ వెనక్కి పోతుంది. గాడిలో తుప్పు గీకకుండా కొత్త రబ్బరు పెడితే జరిగేది ఇదే. మిగతావన్నీ చూశాక కూడా తేలకపోతే అప్పుడు మళ్ళీ విప్పండి, ముందే వద్దు.

4. ఎయిర్ తీయడం, ఇద్దరితో

కాలిపర్లు విప్పినప్పుడు పైన బ్రేక్ ఆయిల్ డబ్బా ఖాళీ అవ్వకుండా చూసుకున్నారా? అయితే ముందు రెండు చక్రాలకి తీస్తే చాలు. డబ్బా ఎండిపోయి ఉంటే నాలుగింటికీ తీయాలి. మన కార్లకి మాస్టర్ సిలిండర్ కుడివైపు ఉంటుంది కాబట్టి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం మామూలు వరస: వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. మీ కారు మాన్యువల్‌లో వేరే వరస ఉంటే అదే పాటించండి. కొన్ని బళ్ళకి వెనక యాక్సిల్ దగ్గర బరువుని బట్టి బ్రేకు పంచే వాల్వు ఉంటుంది, దానికి సొంత నిప్పుల్ ఉందేమో వంగి చూడండి.

మొదలుపెట్టే ముందు పెడల్ కింద చెక్క ముక్క పెట్టండి, పెడల్ అడుగు దాకా పోకుండా. ఇది చాలామంది చేయరు. ఏళ్ళ తరబడి మాస్టర్ సిలిండర్ లోపల రబ్బరు సగం దూరమే నడుస్తుంది, మిగతా సగంలో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటుంది. ఎయిర్ తీసేటప్పుడు అడుగు దాకా తొక్కితే ఆ రబ్బరు తుప్పు మీదుగా వెళ్ళి చీరుకుపోతుంది. కాలిపర్ కోసం విప్పితే మాస్టర్ సిలిండర్ పోయిందని ఏడ్చేవాళ్ళలో చాలామందికి జరిగింది ఇదే.

తర్వాత:

ఒకటి, డబ్బా నిండా ఆయిల్ పోసి మూత ఊరికే పెట్టండి. సీసాలో రెండు వేళ్ళ ఎత్తు కొత్త ఆయిల్ పోసి, పైపు ఒక కొన అందులో మునిగేలా, ఇంకో కొన నిప్పుల్‌కి ఎక్కించండి. పైపు నిప్పుల్ నుంచి ముందు పైకి లేచి తర్వాత కిందకి వంగాలి, అప్పుడే బుడగలు కనిపిస్తాయి, వెనక్కి పోవు.

రెండు, లోపలున్న మనిషికి మాటలు ముందే చెప్పుకోండి. మీరు "తొక్కు" అంటే నెమ్మదిగా తొక్కి "పట్టుకున్నా" అనాలి. మీరు నిప్పుల్ పావు చుట్టు వదులు చేస్తారు, ఆయిల్ బుసబుసమని వస్తుంది, పెడల్ దిగుతుంది, ఇంకా కాలు కిందకి నొక్కే ఉండగానే మీరు బిగిస్తారు, బిగించి "వదులు" అంటారు. బిగించకముందే కాలు తీస్తే గాలి లోపలికి పీల్చుకుంటుంది. అప్పటిదాకా చేసిందంతా పోతుంది.

మూడు, తొక్కుడు నిదానంగా. టకటకా పంపు కొడితే పెద్ద బుడగ నురగైపోతుంది, ఆ నురగ బయటకి రావడం చాలా కష్టం. పొరపాటున అలా కొట్టేస్తే అరగంట ఆగండి, నురగ మళ్ళీ కలిసి బుడగ అవుతుంది.

నాలుగు, ప్రతి రెండు మూడు తొక్కుల మధ్య కాలిపర్‌ని రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి. కొత్తగా కిట్టు వేసిన కాలిపర్ లోపల గోడలకి చిన్న చిన్న బుడగలు అంటుకుని ఉంటాయి. పైపులో స్వచ్ఛమైన ఆయిల్ వస్తోంది అనుకున్నాక రెండు దెబ్బలు తట్టి చూడండి, ఆవగింజంత బుడగలు వరసగా పాకుతూ వస్తాయి.

ఐదు, ప్రతి ఐదు తొక్కులకి డబ్బా చూడండి. డబ్బా ఖాళీ అయితే మళ్ళీ మొదటి నుంచి. సీసాలోకి వచ్చిన ఆయిల్ ఎంత తేటగా కనిపించినా తిరిగి డబ్బాలో పోయొద్దు.

బుడగలు ఆగాక ఇంకో ఐదారు తొక్కులు చేసి నిప్పుల్ బిగించండి. నిప్పుల్ చాలా సున్నితం, చాలా కార్లకి 8-10 న్యూటన్ మీటర్లు అంటే స్పానర్‌ని రెండు వేళ్ళతో తిప్పినంత. బలం చూపిస్తే కాలిపర్‌లోనే విరుగుతుంది.

5. పక్కన మనిషి లేకపోతే

డబ్బా నింపి, మూత వదులు చేసి, నిప్పుల్ తెరిచి ఊరికే వదిలేయండి. ఆయిల్ దాని బరువుకి అదే చుక్కలు చుక్కలుగా దిగుతుంది. ఒక్కో చక్రానికి అరగంట పట్టొచ్చు, కాబట్టి దగ్గరే ఉండి డబ్బా నింపుతూ ఉండాలి. కిట్టు వేసిన కాలిపర్లకి నాకు బాగా నచ్చిన పద్ధతి ఇదే, ముందు ఇలా నింపుకుని, చివర్లో ఎవరినైనా పిలిచి పది తొక్కులు తొక్కిస్తే సరిపోతుంది.

ఇంకోటి, మెడికల్ షాపులో 50 మిల్లీలీటర్ల పెద్ద సిరంజి కొని, దానికి కొత్త ఆయిల్ ఎక్కించి నిప్పుల్ నుంచి పైకి నెమ్మదిగా నెట్టడం. గాలి పైకి పోవాలనే చూస్తుంది కాబట్టి మొండి బుడగలకి ఇది బాగా పనిచేస్తుంది. ముందు డబ్బాలో సగం ఆయిల్ తీసేయండి, లేకపోతే పొంగి ఇంజిన్ మీద పడుతుంది. పాత మడ్డి ఆయిల్ ఉన్న బండికి ఇది చేయొద్దు, ఆ మడ్డంతా పైకి ఎక్కుతుంది.

వాక్యూమ్ పంపుతో లాగేవాళ్ళకి ఒక మాట. నిప్పుల్ మరల సందులోంచి బయటి గాలి లాగబడి పైపులో బుడగలు వస్తూనే ఉంటాయి, ఎంతసేపు లాగినా ఆగవు. అవి లోపలి గాలి కాదు. బుడగలు ఆగడం కోసం ఎదురుచూడకుండా చివరికి పెడల్ తొక్కించి చూసుకోండి.

6. అయినా మెత్తగానే ఉందా? ఏ చక్రమో పట్టుకోండి

ముందు హ్యాండ్ బ్రేకు పరీక్ష, దీనికి ఖర్చు లేదు. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి పెడల్ తొక్కండి. పెడల్ ఇప్పుడు పైనే ఆగి గట్టిగా అనిపిస్తే వెనక షూలు డ్రమ్ముకి దూరంగా ఉన్నాయి, ముందు కాలిపర్లకి సంబంధమే లేదు. డ్రమ్ములు తీసి షూలు సర్దండి, చక్రం తిప్పితే షూ కాస్త రాసుకున్న చప్పుడు రావాలి గానీ పట్టేయకూడదు.

దాంతో తేలకపోతే హోస్ క్లాంపులు వాడాలి. నున్నటి గుండ్రటి దవడలున్న క్లాంపులే వాడాలి, కటింగ్ ప్లేయరుతో నొక్కితే పైపు లోపల తెగుతుంది, పైకి తెలియదు. పగుళ్ళు వచ్చిన పాత హోస్‌నీ, స్టీలు అల్లిక ఉన్న హోస్‌నీ నొక్కొద్దు. రబ్బరు హోసులన్నీ నొక్కి పెడల్ తొక్కండి. రాయిలా ఉంటే మాస్టర్ సిలిండర్ బాగుంది. ఇప్పుడు ఒక్కో క్లాంపు వదులుతూ తొక్కండి. ఏది వదిలినప్పుడు పెడల్ దబ్బున దిగిందో ఆ చక్రం దగ్గరే ఉంది మీ పని. అన్నీ నొక్కినా మెత్తగానే ఉంటే మాస్టర్ సిలిండరో, లోపల ఇరుక్కున్న గాలో, ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) ఉంటే దాని యూనిటో.

ఒకే చక్రం అని తేలితే ఇంకో చిట్కా ఉంది. నిప్పుల్‌కి పైపు తగిలించి తెరిచి, సి-క్లాంపుతో పిస్టన్‌ని మెల్లగా పూర్తిగా లోపలికి నెట్టండి. పిస్టన్ వెనక దాగిన గాలి ఆయిల్‌తో కలిసి బయటికొస్తుంది. నిప్పుల్ బిగించి, మళ్ళీ పెడల్‌తో పిస్టన్‌ని బయటికి తెచ్చి, ఇంకోసారి మామూలుగా ఎయిర్ తీయండి.

హోస్ పైపు మీద వేళ్ళు పెట్టి ఎవరినైనా గట్టిగా తొక్కమనండి. వేళ్ళ కింద పైపు ఉబ్బినట్టు తెలిస్తే అది మార్చాలి, రెండువైపులా ఒకేసారి.

ఏబీఎస్ బళ్ళ సంగతి. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి, కాబట్టి మీది అంతకంటే కొత్తదైతే ఏబీఎస్ ఉన్నట్టే. డబ్బా ఎండిపోయి ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి వెళ్తే ఇంట్లో పెడల్ తొక్కితే రాకపోవచ్చు, స్కానర్ పెట్టి లోపలి వాల్వులు తెరిపించాల్సి వస్తుంది. అక్కడ ఆపేసి స్కానర్ ఉన్న మెకానిక్‌ని పిలవడమే మంచిది.

7. సరిగ్గా అయిందని ఎలా తెలుసుకోవాలి

ఇంజిన్ ఆపి, ఐదారు తొక్కులు తొక్కి, గట్టిగా పట్టుకుని ఒక నిమిషం లెక్కపెట్టండి. పెడల్ వెంట్రుకవాసి కూడా జారకూడదు. కాలు తీయకుండా ఇంజిన్ స్టార్ట్ చేయండి, కొంచెం దిగి అక్కడే ఆగాలి.

తర్వాత ప్రతి నిప్పుల్, ప్రతి బాంజో బోల్టు పొడిగా తుడిచి, ఇంకో మనిషిని గట్టిగా తొక్కిపట్టమని, టిష్యూ పేపర్ చుట్టూ అద్ది చూడండి. చేతికి తెలియని తడి కూడా టిష్యూ మీద మచ్చలా కనిపిస్తుంది.

చక్రం లేపి, తొక్కి వదిలి, చేత్తో తిప్పండి. తిరగాలి. పట్టేస్తే పిస్టన్ వెనక్కి రావడం లేదు, లేదా స్లైడ్ పిన్ను బిగుసుకుంది.

చక్రాల బోల్టులు బిగించాక, కారు కదిలించేముందు మళ్ళీ పెడల్ తొక్కి గట్టిదనం చూసుకోండి. ప్యాడ్లు వెనక్కి నెట్టినప్పుడల్లా మొదటి రెండు మూడు తొక్కులు ఖాళీగా పోతాయి, ఆ తొక్కులు గేటు బయట అయితే ప్రమాదం. ఖాళీ స్థలంలో నడిచే వేగంలో ఒకసారి, తర్వాత 20లో ఒకసారి ఆపి చూడండి, హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి ఉంచుకునే. కారు ఒకవైపు లాగితే మళ్ళీ 3వ మెట్టు చూడండి.

కొత్త ప్యాడ్లు వేసుంటే ఖాళీ రోడ్డు మీద 50 నుంచి 10 దాకా పదిసార్లు మెల్లగా తగ్గించండి, మధ్యలో చల్లారనిస్తూ. అరిగిన డిస్కు మీద కొత్త ప్యాడ్ పూర్తిగా ఆనడానికి కొంత టైం పడుతుంది, మొదటి వంద కిలోమీటర్లలో ఉండే ఆ కొంచెం మెత్తదనం దానంతటదే తగ్గుతుంది. తగ్గకుండా పెరిగితే మాత్రం బండి ఆపేయండి.

డబ్బా మీద ఆయిల్ మట్టం దగ్గర మార్కరుతో సన్నటి గీత గీసి, వారం రోజులు పొద్దున్నే బండి తీసేముందు ఒకసారి చూడండి. గీత కంటే కిందకి పోతే చక్రాల లోపలివైపు, వెనక డ్రమ్ముల కింద తడి ఎక్కడుందో వెతకండి.